ధమని గోడలో పేలిపోయే కణాలు: మీకు తెలుసా?

ఎవరికైనా గుండెపోటు వచ్చిందని తెలియగానే మన ఇళ్ళల్లో అడిగే మొదటి మాట "ఎన్ని బ్లాకులట? ఎంత శాతమట?" అని. శాతం పెద్దదైతే భయం, చిన్నదైతే ధైర్యం. కానీ గుండెపోటుకు కారణమైన చోటును వైద్యులు పాత యాంజియోగ్రామ్‌లతో పోల్చి చూసినప్పుడు, చాలామందిలో అంతకుముందు అక్కడ నాళం పెద్దగా ఇరుకై లేదని తేలింది. ఇరుకు ఎంతన్నది ఒక లెక్క. ఆ గోడ లోపల ఏం జరుగుతోందన్నది అంతకంటే పెద్ద లెక్క. అక్కడ రోజూ కణాలు చనిపోతుంటాయి. అవి ఎలా చనిపోతున్నాయన్నదాని మీదే చాలా ఆధారపడి ఉందని గత పాతికేళ్ళ పరిశోధన చెబుతోంది. ఈ సంగతి ఆసుపత్రి వరండాల్లో ఎదురుచూసే కుటుంబాల దాకా ఇంకా రాలేదు. రావాలి.

గడ్డ లోపల ఉన్నది కొవ్వు ఒక్కటే కాదు

ధమని గోడలో పెరిగే గడ్డను ప్లాక్ అంటారు. ప్రమాదకరమైన ప్లాక్‌ను అడ్డంగా కోసి చూస్తే పండిన సెగ్గడ్డ గుర్తొస్తుంది. పైన పల్చటి పొర, లోపల మెత్తటి ముద్ద. ఆ ముద్దలో కొలెస్ట్రాల్ ఉంటుంది, దాంతో కలిసిపోయి చనిపోయిన కణాల తునకలు, వాటిలోంచి కారిన ఎంజైములు ఉంటాయి. దాన్ని పాథాలజిస్టులు నెక్రోటిక్ కోర్ అంటారు. హఠాత్తుగా మరణించినవారి గుండెలను పరీక్షించిన రేణు విర్మానీ బృందం 1997లో ఒక కొలత ఇచ్చింది: పై పొర మందం 65 మైక్రాన్ల కంటే తగ్గితే అది చిట్లే రకం. 65 మైక్రాన్లంటే దాదాపు ఒక తలవెంట్రుక మందం. ఆ పొర చిరిగిన మరుక్షణం లోపలి ముద్ద రక్తానికి తగులుతుంది, రక్తం గడ్డకడుతుంది. అప్పటిదాకా నలభై శాతమే ఉన్న ఇరుకు నిమిషాల్లో నూరు శాతం అవుతుంది.

ఆ చనిపోయిన కణాలు ఎవరివి?

ఎక్కువగా మన రోగనిరోధక వ్యవస్థవే. ఎల్‌డీఎల్ కొలెస్ట్రాల్ రేణువులు ధమని లోపలి పొర దాటి గోడలో చిక్కుకుపోతాయి, అక్కడ రసాయనికంగా పాడవుతాయి. వాటిని ఎత్తిపోయడానికి రక్తంలోంచి మోనోసైట్లు వచ్చి, గోడలో మాక్రోఫేజ్‌లుగా మారి, దొరికిన కొవ్వునంతా మింగుతాయి. మింగీ మింగీ ఒళ్ళంతా కొవ్వు బిందువులతో నిండిపోయిన వాటికి ఫోమ్ సెల్స్ అని పేరు. సాయానికి వచ్చిన ఈ కణాలే చివరకు అక్కడే చనిపోయి ఆ ముద్దలో భాగమవుతాయి. గోడకు బలాన్నిచ్చే నునుపు కండర కణాలు కూడా వాటితోపాటు పోతాయి. పై పొరను అల్లేది ఈ కండర కణాలే కాబట్టి అవి పోయేకొద్దీ పొర పల్చబడుతుంది.

చావులో రెండు దారులు

మన ఒంట్లో రోజూ వేల కోట్ల కణాలు చనిపోతున్నా మనకు జ్వరం రాదు, నొప్పి తెలియదు. కారణం, వాటిలో ఎక్కువ భాగం ఎపాప్టోసిస్ అనే పద్ధతిలో పోతాయి. 1972లో జాన్ కెర్, ఆండ్రూ వైలీ, అలిస్టర్ కరీ అనే ముగ్గురు శాస్త్రవేత్తలు దీన్ని వర్ణించి పేరు పెట్టారు. కణం కుంచించుకుపోతుంది, తన డీఎన్‌ఏను తానే ముక్కలు చేసుకుంటుంది, పొర చెదరకుండా చిన్న చిన్న మూటలుగా విడిపోతుంది. పక్కనున్న మాక్రోఫేజ్ వచ్చి ఆ మూటలను మింగేస్తుంది. లోపలి సరుకు ఒక్క చుక్క కూడా బయటపడదు.

రెండో దారి దీనికి పూర్తిగా వ్యతిరేకం. కణం ఉబ్బుతుంది. పొర మీద పెద్ద పెద్ద బుడగలు లేస్తాయి. మైక్రోస్కోప్ కింద సజీవంగా చూస్తుంటే ఆ బుడగలు ఒక్కొక్కటే పెరగడం, కణం నేలకు అతుక్కున్నట్టు చదునైపోవడం, మధ్యలో కేంద్రకం మాత్రం గుండ్రంగా మిగలడం కనిపిస్తుంది. తర్వాత పొర పగిలి, లోపలున్న మంట పుట్టించే పదార్థాలన్నీ చుట్టుపక్కలకు చిమ్ముతాయి. దీని పేరు పైరాప్టోసిస్. సూక్ష్మజీవి కణంలో దూరినప్పుడు ఇది చాలా మంచి ఎత్తుగడ. దాక్కునే చోటు లేకుండా పోతుంది, పొరుగు కణాలన్నిటికీ హెచ్చరిక అందుతుంది. సూక్ష్మజీవి లేని ధమని గోడలో ఇదే పని జరిగితే మాత్రం నష్టం మనకే.

జిగట విరేచనాల నుంచి గుండె దాకా

ఈ పేలుడు చావును మొదట గమనించింది గుండె వైద్యులు కారు. 1992లో పారిస్ పాస్తర్ ఇన్‌స్టిట్యూట్‌లో ఆర్టురో జైక్లిన్‌స్కీ, ఫిలిప్ సాన్సొనెట్టి బృందం జిగట విరేచనాలు తెచ్చే షిగెల్లా బ్యాక్టీరియా మాక్రోఫేజ్‌లను చంపడం చూసింది. అప్పటికి తెలిసిన పద్ధతి ఎపాప్టోసిస్ కాబట్టి దానికి ఆ పేరే రాశారు. తొమ్మిదేళ్ళ తర్వాత, 2001లో, సియాటిల్‌లో సాల్మొనెల్లా మీద పనిచేస్తున్న బ్రాడ్ కుక్సన్, మాలీ బ్రెన్నన్ ఇది వేరే జాతి చావని చెప్పి పైరాప్టోసిస్ అన్న పేరు పెట్టారు. సైన్సులో ఇలాంటివి ఎక్కువ. చూసింది నిజం, పెట్టిన పేరు వేరు. చూసినదాన్ని జాగ్రత్తగా రాసిపెట్టారు కాబట్టే వెనకాల వచ్చినవాళ్ళు సరిదిద్దగలిగారు.

కణానికి కన్నం పెట్టే ప్రోటీన్

పేలుడు ఎలా జరుగుతుందన్నది 2015 దాకా ఎవరికీ తెలియదు. ఆ ఏడాది బీజింగ్‌లో ఫెంగ్ షావ్ బృందం, అమెరికాలో జెనెన్‌టెక్ కంపెనీలో విశ్వ దీక్షిత్ బృందం, ఎవరి దారిన వారు పనిచేస్తూ ఒకే ప్రోటీన్ దగ్గరకు చేరారు: గ్యాస్‌డెర్మిన్ డి. మామూలుగా ఈ ప్రోటీన్‌లో ఒక సగం రెండో సగాన్ని పట్టి ఉంచుతుంది. ప్రమాద సంకేతం రాగానే కాస్పేస్-1 అనే ఎంజైము దాన్ని మధ్యకు కోస్తుంది. విడుదలైన సగాలు ముప్పైకి పైగా పొర దగ్గర వలయంగా చేరి రంధ్రం చేస్తాయి. రంధ్రం లోపలి వెడల్పు సుమారు 21 నానోమీటర్లు. ఇంటర్‌ల్యూకిన్-1 బీటా అనే చిన్న ప్రోటీన్, అంటే మంటకు మొదటి కబురు, ఆ దారిన తేలిగ్గా బయటపడుతుంది.

ఇక్కడ నన్ను కట్టిపడేసిన సంగతి ఒకటుంది. రంధ్రం పడగానే కణం ఓడిపోదు. కాల్షియం లోపలికి రావడంతో మరమ్మతు యంత్రాంగం మేల్కొని, రంధ్రాలున్న పొర ముక్కలను తుంచి బయటికి పారేస్తుంది. 2018లో ఈ సంగతి బయటపడింది. రంధ్రాలు తక్కువైతే కణం బతికిపోతుంది. బతుకుతూనే ఇంటర్‌ల్యూకిన్‌ను బయటికి వదులుతుంది కూడా.

ఇంకొకటి. పొర చివరికి పగిలిపోవడం నీళ్ళు ఎక్కి దానంతటదే జరిగే పని అని దశాబ్దాలపాటు అందరూ అనుకున్నారు. 2021లో నింజ్1 అనే మరో ప్రోటీన్ ఆ పని చేస్తుందని తెలిసింది. అది లేని కణం చనిపోతుంది, బుడగలా ఉబ్బి ఉండిపోతుంది, కానీ పగలదు. చిన్న అణువులు బయటికి వచ్చినా పెద్దవి లోపలే ఉండిపోతాయి. అంటే పగలడం కూడా కణంలో ముందే రాసి ఉన్న పనే.

మైక్రోస్కోప్ స్లైడ్‌లో మాయమైన సాక్ష్యం

ధమనిలో సూక్ష్మజీవి లేదు కదా, మరి ప్రమాద ఘంట మోగించిందెవరు? ఈ ప్రశ్నకు జవాబు వందేళ్ళకు పైగా పాథాలజిస్టుల కళ్ళ ముందే, ఖాళీ జాగాలుగా ఉంది.

ప్లాక్ స్లైడ్‌లలో సూదుల్లాంటి తెల్లటి చీలికలు కనిపిస్తాయి. అవి కొలెస్ట్రాల్ స్ఫటికాలు ఉండిన చోట్లు. కణజాలాన్ని స్లైడ్‌కు సిద్ధం చేసేటప్పుడు ఆల్కహాల్, జైలీన్‌లలో ముంచుతారు. కొలెస్ట్రాల్ వాటిలో కరిగిపోతుంది, ఖాళీ చీలిక మాత్రం మిగులుతుంది. ఆ స్ఫటికాలు ముదిరిన జబ్బుకు గుర్తులేనన్న అభిప్రాయం ఉండేది. 2010లో ఐకె లాట్జ్ బృందం కణజాలాన్ని కరిగించకుండా, కాంతి ప్రతిఫలనాన్ని పట్టే పద్ధతిలో చూసింది. కొవ్వు ఎక్కువున్న తిండి పెట్టిన ఎలుకల్లో రెండు వారాలకే చిన్నచిన్న స్ఫటికపు పలుకులు కనిపించాయి. మంట కణాలు మొదట చేరిన చోటే అవీ ఉన్నాయి.

మాక్రోఫేజ్ ఆ పలుకును మింగుతుంది. అది కరగదు. కణంలో జీర్ణం చేసే సంచి చిరుగుతుంది, అందులోని ఎంజైములు కారతాయి. ఆ అలజడిని ఎన్‌ఎల్‌ఆర్‌పీ3 అనే ప్రోటీన్ పసిగట్టి, తోటి ప్రోటీన్లను పోగుచేసి ఒక పెద్ద కూటమి కడుతుంది. ఇలాంటి కూటమికి ఇన్‌ఫ్లమసోమ్ అని 2002లో స్విట్జర్లాండ్‌లోని లొసాన్‌లో యుర్గ్ చోప్ బృందం పేరు పెట్టింది. కాస్పేస్-1 నిద్రలేచేది అక్కడే. ఆ తర్వాత గ్యాస్‌డెర్మిన్, రంధ్రం, పేలుడు. పగిలిన కణంలోంచి అరగని పలుకు మళ్ళీ బయటపడుతుంది. పక్క మాక్రోఫేజ్ వచ్చి దాన్నే మింగుతుంది.

గౌటుకూ గుండెకూ ఘంట ఒకటే

కాలి బొటనవేలు అర్ధరాత్రి ఎర్రగా వాచి దుప్పటి తగిలినా ఓర్వలేని నొప్పి పెట్టే గౌటులో, కీలులో యూరిక్ యాసిడ్ పలుకులు ఉంటాయి. అవి కూడా ఎన్‌ఎల్‌ఆర్‌పీ3నే రేపుతాయని 2006లో చోప్ బృందమే చూపింది. గౌటుకు వాడే పాత మందు ఒకటి గుండె జబ్బుకు ఎందుకు వచ్చిందో కింద చదివినప్పుడు ఈ చుట్టరికం గుర్తుంచుకోండి.

కొత్తగూడెం నుంచి మెంఫిస్ దాకా

ఎన్‌ఎల్‌ఆర్‌పీ3 ఏం చేస్తుందో చెప్పిన మూడు పరిశోధన పత్రాలు 2006లో నేచర్ పత్రికలో వచ్చాయి. వాటిలో ఒకదానికి మొదటి రచయిత కన్నెగంటి తిరుమలాదేవి. కొత్తగూడెంలో డిగ్రీ, ఉస్మానియా విశ్వవిద్యాలయంలో ఎమ్మెస్సీ, పీహెచ్‌డీ చేశారు. మొక్కల తెగుళ్ళ మీద పరిశోధనతో మొదలుపెట్టి, అమెరికా వెళ్ళాక మొక్కల రోగనిరోధకత నుంచి మనుషుల రోగనిరోధకతకు మళ్ళారు. మిషిగన్‌లో గాబ్రియేల్ నున్యెజ్ ప్రయోగశాలలో ఆ 2006 పత్రం వచ్చింది. తర్వాత మెంఫిస్‌లోని సెయింట్ జూడ్ పిల్లల పరిశోధనాసుపత్రిలో సొంత ప్రయోగశాల పెట్టారు.

కణాల చావుకు వేర్వేరు పేర్లు పెట్టి వేర్వేరు గదుల్లో చదువుతున్న శాస్త్రానికి ఆమె వేసిన ప్రశ్న పెద్దది. ఈ దారులు నిజంగా విడివిడివేనా? ఒక దారి మూసేస్తే కణం ఇంకో దారిలో చనిపోవడం ఆమె బృందం మళ్ళీ మళ్ళీ చూసింది. పైరాప్టోసిస్, ఎపాప్టోసిస్, నెక్రాప్టోసిస్ అనే ఇంకో రకం చావు, ఈ మూడూ ఒకే కూటమి చేతిలో కలిసి నడిచే స్థితికి 2019లో పానాప్టోసిస్ అని పేరు పెట్టారు. ధమని జబ్బుకు మందు వెతికేవారికి ఇది నేరుగా తగిలే మాట. ఒక్క తలుపు మూస్తే సరిపోతుందా అన్న అనుమానం అక్కణ్ణుంచే బలపడింది. కొత్తగూడెం కాలేజీలో మైక్రోస్కోప్ ముందు కూర్చునే అమ్మాయిలకు ఈ పేరు తెలిసి ఉండాలని నా కోరిక.

అన్ని ప్రయోగాలూ ఒకే మాట చెప్పలేదు

లాట్జ్ బృందం 2010 పత్రంలో ఎన్‌ఎల్‌ఆర్‌పీ3 లేని ఎముక మజ్జ ఎక్కించిన ఎలుకల్లో ప్లాక్ తగ్గింది. మరుసటి ఏడాదే, ఇంకో జాతి ఎలుకల్లో ఆ జన్యువు లేకపోయినా ప్లాక్ తగ్గలేదని మరో పత్రం వచ్చింది. అది ఇన్‌ఫ్లమసోమ్‌కు పేరు పెట్టిన చోప్ బృందం నుంచే వచ్చింది. తమ సిద్ధాంతానికి ఎదురు నిలిచిన ఫలితాన్ని తామే అచ్చువేయడం గౌరవించాల్సిన పని.

చీము కణాల వల

చీములో కనిపించే న్యూట్రోఫిల్ అనే తెల్లకణం చనిపోతూ తన డీఎన్‌ఏను వలలా బయటికి విసిరి సూక్ష్మజీవులను పట్టేస్తుంది. 2004లో దీన్ని కనిపెట్టిన బృందానికి పెద్ద ఎవరనుకున్నారు? షిగెల్లా దగ్గర మనం చూసిన జైక్లిన్‌స్కీయే. 2015లో వచ్చిన ఒక పరిశోధన ప్రకారం కొలెస్ట్రాల్ పలుకులు ఈ వలను కూడా రేపుతాయి, ఆ వల మాక్రోఫేజ్‌లను మరింత రెచ్చగొడుతుంది. 2019లో ఇంకో అడుగు: వలతోపాటు బయటపడే హిస్టోన్ హెచ్4 అనే ప్రోటీన్ నునుపు కండర కణాల పొరకు తానే కన్నాలు పెట్టి చంపుతుంది. పై పొర అల్లే కణాలు అవేనని చెప్పుకున్నాం కదా.

ప్లాక్ చిట్లకుండానే, పై పూత ఊడిపోయి కూడా గుండెపోటు రావచ్చు. అక్కడా న్యూట్రోఫిల్ వలలు ఎక్కువగా కనిపిస్తాయి.

వయసుతో రక్తంలో పుట్టే కొత్త వంశాలు

డెబ్బై దాటినవారిలో పదిమందికి ఒకరికంటే ఎక్కువమంది రక్తంలో, ఏదో ఒక మూలకణం జన్యుమార్పు తెచ్చుకుని మిగతావాటికంటే వేగంగా తన వంశాన్ని పెంచుకుంటుంది. ఇది క్యాన్సర్ కాదు. మామూలు రక్తపరీక్షలో ఏమీ కనిపించదు. సిద్ధార్థ జైస్వాల్, బెంజమిన్ ఎబర్ట్ బృందం 2017లో ప్రచురించిన పరిశోధనలో ఇలాంటివారికి గుండె ధమనుల జబ్బు ముప్పు దాదాపు రెట్టింపు ఉన్నట్టు తేలింది. ఎలుకల్లో చూస్తే, టెట్2 జన్యువు పోయిన మాక్రోఫేజ్‌లు ఇంటర్‌ల్యూకిన్-1 బీటాను ఎక్కువగా వదిలాయి. జాక్2 అనే జన్యువులో మార్పు ఉన్న ఎలుకల్లో నెక్రోటిక్ కోర్ పెరిగింది, గ్యాస్‌డెర్మిన్ డి తీసేస్తే ఆ చెడు మార్పులు వెనక్కి తగ్గాయి. మన కుటుంబాల్లో "మా నాన్నకు షుగర్ లేదు, బీపీ లేదు, సిగరెట్ ముట్టలేదు, అయినా ఎందుకొచ్చింది?" అని అడిగేవారికి చెప్పగల జవాబుల్లో ఇదొకటి కావచ్చు.

మమ్మీలకూ ఉంది

ఈజిప్టు, పెరూ, ఉత్తర అమెరికా నైరుతి ప్రాంతం, అలాస్కా దగ్గరి అల్యూషియన్ దీవులు. ఈ నాలుగు చోట్ల దొరికిన 137 మమ్మీలకు సీటీ స్కాన్ తీస్తే 34 శాతంలో ధమని జబ్బు ఆనవాళ్ళున్నాయని 2013లో లాన్సెట్ ప్రచురించింది. జబ్బు కొత్తది కాదు.

మంట ఉన్నా గుండె పదిలం: చిమానేల సంగతి

బొలీవియా అడవుల్లో చిమానే అనే జాతి ఉంది. వేట, చేపలు, పొలం పనితో బతుకుతారు. ఒంట్లో పురుగులు, అంటువ్యాధులు సర్వసాధారణం. 2017లో 705 మంది పెద్దవాళ్ళకు స్కాన్ చేస్తే 85 శాతం మంది గుండె ధమనుల్లో కాల్షియం ఆనవాలే లేదు. అయితే వారిలో సగం మందికి రక్తంలో మంట (ఇన్‌ఫ్లమేషన్) సూచిక సీఆర్‌పీ ఎక్కువగానే ఉంది. ఎల్‌డీఎల్ సగటు మాత్రం 91 మిల్లీగ్రాముల దగ్గరే ఉంది, రోజంతా ఒళ్ళు వంచి పని చేస్తారు.

నా దృష్టిలో ఈ మొత్తం కథలో ఇది కీలకమైన ముక్క. "కొలెస్ట్రాల్ అబద్ధం, అసలు దోషి ఇన్‌ఫ్లమేషన్" అని వాట్సాప్‌లో తిరిగే మాటకు ఇది సూటి జవాబు. మింగడానికి కొవ్వు, పలుకు కట్టడానికి కొలెస్ట్రాల్ ఉంటేనే ధమని గోడలో ఆ ఘంట మోగుతుంది. కొలెస్ట్రాల్‌ను తగ్గించే స్టాటిన్ మాత్రను ఆ మాట నమ్మి మానేసినవారు నష్టపోతారు.

దక్షిణాసియా వాళ్ళకు ఆరేళ్ళు ముందే

52 దేశాల ఇంటర్‌హార్ట్ అధ్యయనంలో మొదటి గుండెపోటు సగటు వయసు దక్షిణాసియా వాళ్ళలో 53, మిగతావారిలో దాదాపు 59. పొగాకు, కొలెస్ట్రాల్ తేడాలు, షుగర్ వంటివి మనలో చిన్న వయసులోనే మొదలవడమే దీనికి ముఖ్య కారణమని పరిశోధకులు చెప్పారు.

కొలెస్ట్రాల్ తగ్గించకుండానే గుండెపోటు తగ్గింది

మంట సిద్ధాంతానికి పెద్ద పరీక్ష 2017లో వచ్చింది. బోస్టన్‌కు చెందిన పాల్ రిడ్కర్ నడిపిన క్యాంటోస్ ట్రయల్. అంతకుముందు గుండెపోటు వచ్చి, సీఆర్‌పీ 2 లేదా అంతకంటే ఎక్కువున్న 10,061 మంది. వారిలో కొందరికి కెనాకినుమాబ్ అనే ఇంజెక్షన్ మూడు నెలలకోసారి ఇచ్చారు. ఇంటర్‌ల్యూకిన్-1 బీటాను పట్టేసే యాంటీబాడీ అది. ఎల్‌డీఎల్ మీద దాని ప్రభావం లేదు. అయినా 150 మిల్లీగ్రాముల మోతాదులో గుండెపోటు, పక్షవాతం, గుండె మరణాలు కలిపి 15 శాతం తగ్గాయి. రుడాల్ఫ్ వర్కో 1850ల్లో ధమని గోడలో మంట ఉందన్నాడు. మనుషుల మీద దానికి తిరుగులేని రుజువు దొరకడానికి నూట అరవై ఏళ్ళు పట్టింది.

కానీ గుండె జబ్బు కోసం ఈ మందు బజారులోకి రాలేదు. ప్రాణం తీసే ఇన్‌ఫెక్షన్లు పెరిగాయి: మందు తీసుకున్నవారిలో ఏడాదికి వెయ్యిమందికి మూడు, తీసుకోనివారిలో రెండు కంటే తక్కువ. మొత్తం మరణాల్లో తేడా రాలేదు. అరుదైన జబ్బులకు వాడేటప్పుడు అమెరికాలో దాని ఖర్చు ఏడాదికి 2 లక్షల డాలర్ల దాకా ఉండేది. సూక్ష్మజీవులను అడ్డుకునే అదే ఘంటను మూగబోయేలా చేస్తే ఏమవుతుందో ఆ ఇన్‌ఫెక్షన్ల లెక్క చెబుతోంది.

ఎల్లాప్రగడ సుబ్బారావు మందు ఇక్కడ పనిచేయలేదు

భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలను నడిపిస్తున్న రోజుల్లో, 1940ల్లో, ఆయన బృందం తయారుచేసిన మందుల్లో మెథోట్రెక్సేట్ ఒకటి. పిల్లల్లో రక్త క్యాన్సర్‌కు, తర్వాత కీళ్ళవాతానికి లక్షలమందిని ఆదుకుంది, ఇప్పటికీ ఆదుకుంటోంది. కీళ్ళ మంట తగ్గిస్తుంది కదా, ధమని మంట కూడా తగ్గిస్తుందేమోనని రిడ్కర్ బృందమే 4,786 మందిలో తక్కువ మోతాదు పరీక్షించింది. గుండెపోట్లు తగ్గలేదు. మంట సూచికలైన ఇంటర్‌ల్యూకిన్-1 బీటా, ఇంటర్‌ల్యూకిన్-6, సీఆర్‌పీ ఏవీ తగ్గలేదు. దీనివల్ల సుబ్బారావు మందు విలువ ఇసుమంత కూడా తరగదు. ధమనిలో మంట ఏ దారిన వస్తోందో ఆ దారినే ఆపాలని తెలిసిందే ఈ ట్రయల్ వల్ల.

కంచె మీద పాకే పువ్వు

వానలు పడగానే కంచెల మీద, తుప్పల్లో ఆకు కొసలతో పట్టుకుని పాకే తీగ అడవినాభి. అగ్నిశిఖ అని కూడా అంటారు. రేకులు వెనక్కి వంగి, అంచులు అలలు తిరిగి, మొదట పసుపు, చివర ఎరుపు. తమిళనాడుకు అది రాష్ట్ర పుష్పం, జింబాబ్వేకు జాతీయ పుష్పం. ఆ దుంప తిని ప్రాణాలు పోగొట్టుకున్నవారు ఉన్నారు. అందులోని విషం కొల్చిసిన్. అదే గౌటుకు మందు.

కణం లోపల సరుకులు అటూ ఇటూ మోసే సన్నటి గొట్టాలు ఉంటాయి. కొల్చిసిన్ ఆ గొట్టాలు కట్టుకోకుండా ఆపుతుంది. దాంతో ఇన్‌ఫ్లమసోమ్ భాగాలు ఒకచోట చేరడం కష్టమవుతుంది, న్యూట్రోఫిల్స్ కదలిక మందగిస్తుంది. 2019లో కోల్‌కాట్ ట్రయల్‌లో 4,745 మందిలో సగం మందికి, గుండెపోటు వచ్చిన నెలలోపు మొదలుపెట్టి రోజుకు అర మిల్లీగ్రాము ఇస్తే గుండె సంబంధ ఘటనలు 23 శాతం తగ్గాయి. 2020లో లోడోకో2 ట్రయల్‌లో, దీర్ఘకాలిక జబ్బున్న 5,522 మందిలో 31 శాతం తగ్గుదల. 2023 జూన్‌లో అమెరికా ఎఫ్‌డీఏ గుండె జబ్బుకు ఈ మోతాదును అనుమతించింది. అయితే 2024లో క్లియర్ ట్రయల్ ఫలితం వచ్చింది. గుండెపోటు వచ్చిన 7,062 మందిలో ఏ లాభమూ కనిపించలేదు, విరేచనాలు మాత్రం ఎక్కువయ్యాయి. ఎవరికి, ఎప్పుడు ఇవ్వాలన్న వాదన ఇంకా నడుస్తోంది.

ఒక మాట గట్టిగా చెప్పాలి. కిడ్నీ, కాలేయం దెబ్బతిన్నవారికి, క్లారిథ్రోమైసిన్ వంటి యాంటీబయాటిక్ వాడుతున్నవారికి కొల్చిసిన్ ప్రాణాంతకం కావచ్చు. తీగ పీకి కషాయం కాచుకునే పని ఎవరూ, ఎన్నడూ చేయకూడదు.

తాగుడు మాన్పించే మాత్ర

డైసల్ఫిరామ్ గురించి వినే ఉంటారు. తాగుడు మానడానికి వైద్యుల పర్యవేక్షణలో ఇచ్చే పాత మాత్ర. వేల మందుల్లో వెతికితే గ్యాస్‌డెర్మిన్ డి రంధ్రాన్ని ఆపగలిగినవాటిలో అది ఒకటని 2020లో బోస్టన్ శాస్త్రవేత్తలు కనిపెట్టారు. ఇప్పటికి ఇది ప్రయోగశాల, ఎలుకల దశలోని మాట. గుండె కోసం ఎవరూ వేసుకోవాల్సింది కాదు.

హెచ్‌ఎస్-సీఆర్‌పీ చేయించుకునేముందు

ధమనిలో పేలే కణాలను బయటినుంచి చూసే పరీక్ష లేదు. దానికి దగ్గరగా, మన ఊళ్ళ ల్యాబుల్లో దొరికేది హెచ్‌ఎస్-సీఆర్‌పీ. ఇంటర్‌ల్యూకిన్-6 సంకేతం అందుకుని కాలేయం తయారుచేసే ప్రోటీన్‌ను ఇది కొలుస్తుంది. లీటరుకు 1 మిల్లీగ్రాము కంటే తక్కువుంటే ముప్పు తక్కువ, 1 నుంచి 3 మధ్యస్థం, 3 దాటితే ఎక్కువ. జలుబు, జ్వరం, చిగుళ్ళ వాపు, దెబ్బ తగిలిన గాయం ఏది ఉన్నా ఈ అంకె పైకి పోతుంది. 10 దాటిందంటే ముందు ఒంట్లో ఇన్‌ఫెక్షన్ ఉందేమో చూడాలి. తగ్గాక రెండు మూడు వారాలు ఆగి మళ్ళీ చేయించాలి. రిపోర్టును ఎల్‌డీఎల్, షుగర్, బీపీ అంకెలతో కలిపి డాక్టర్‌కు చూపించండి. ఒంటరిగా ఆ ఒక్క అంకె ఏమీ తేల్చదు.